పేటెంటు కోరువారికి ఏజెంటు అవసరమా?

పనిముట్లను మెరుగుపరచుట మన పల్లెలకు క్రొత్త విద్య కాదు. కమ్మరి కొలిమి వద్దను, వడ్రంగి ముంగిటను, నేతగాని మగ్గము వద్దను ప్రతి తరమునందును ఏదో ఒక నూతన కల్పన పుట్టుచునే యున్నది. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశము ఇందుకు మంచి నిదర్శనము. ఒక్క చీరెకు ఆసు పోయుటలో తన తల్లి వేలసార్లు చేయి త్రిప్పి పడు బాధను చూచి, ఆ పనిని చేయు యంత్రమును ఆయన నిర్మించెను. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. 2017వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

ఇట్టి కల్పన చేసిన వానికి ఊరిలో రెండు సలహాలు వినిపించును. “ఫారములే గదా, నీవే నింపి పంపుము” అని ఒకరందురు. “ఏజెంటు లేనిదే ఆ ఆఫీసులో కాగితము కదలదు, ముందు సొమ్ము సిద్ధము చేసికొనుము” అని మరియొకరందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమును, కొంత పొరపాటును కలవు. మొదటి మాట నమ్మినవాడు హక్కును పోగొట్టుకొనవచ్చును. రెండవ మాట నమ్మినవాడు అనవసరముగా సొమ్మును పోగొట్టుకొనవచ్చును. కావున ఏ పనికి ఏజెంటు కావలెనో, ఏ పనికి అక్కరలేదో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

పేటెంటు అనగా నేమి?

క్రొత్త వస్తువునుగాని, క్రొత్త తయారీ విధానమునుగాని కనిపెట్టినవాడు దాని రహస్యమును లోకమునకు పూర్తిగా వెల్లడించును. అందుకు ప్రతిగా, తన అనుమతి లేనిదే ఇతరులు దానిని తయారు చేయకుండ, అమ్మకుండ, వాడకుండ నివారించు హక్కును ప్రభుత్వము అతనికి ఇచ్చును. ఈ హక్కు దరఖాస్తు తేదీనుండి 20 సంవత్సరములు మాత్రమే ఉండును. అదియు ఏటేటి రుసుము చెల్లించుచుండినపుడే. మన దేశమున దీనికి ఆధారము 1970వ సంవత్సరపు పేటెంట్ల చట్టము. ఇది 1972 ఏప్రిల్ 20వ తేదీనుండి అమలులోనికి వచ్చి, పలుమార్లు సవరింపబడినది. పేటెంటు ఆఫీసులు కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు నగరములలో (నేటి పేర్లతో కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నై) ఉన్నవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసుల దరఖాస్తులు చెన్నై ఆఫీసునకు చెందును.

పేటెంటు చేతికి వచ్చినంత మాత్రమున ధనము వచ్చునని ఎవరును భావింపరాదు. అది ఇతరులను ఆపు హక్కే గాని, వస్తువును అమ్మిపెట్టు యంత్రము కాదు. ఇతరులు కాపీ చేసినచో దావా వేయవలసినవాడు పేటెంటుదారుడే.

చట్టము ఎవరిని అనుమతించుచున్నది?

ఈ విషయమున చట్టము స్పష్టముగా నున్నది. దరఖాస్తుదారుడు తన వివరణ పత్రమును తానే వ్రాసికొనవచ్చును. కంట్రోలరు ఎదుట తానే హాజరై మాటలాడవచ్చును. చట్టములోని 132వ సెక్షను ఈ స్వేచ్ఛను కాపాడుచున్నది. కావున ఏజెంటు లేనిదే దరఖాస్తు తీసికొనరు అనుట సరికాదు.

మరి పేటెంటు ఏజెంటు ఎవరు? సైన్సు, ఇంజనీరింగు లేక టెక్నాలజీలో పట్టము పొంది, పేటెంటు ఆఫీసువారు జరుపు పరీక్షలో ఉత్తీర్ణుడై, తన పేరును రిజిస్టరులో చేర్పించుకొన్న భారత పౌరుడు. పది సంవత్సరములకు తక్కువ కాకుండ పేటెంటు పరీక్షాధికారిగా గాని, కంట్రోలరుగా గాని పనిచేసినవారికి కూడ ఈ అర్హత కలదు. రిజిస్టరులో పేరు లేనివాడు తాను పేటెంటు ఏజెంటునని చెప్పుకొనుట చట్టవిరుద్ధము. న్యాయవాది విచారణలో కక్షిదారు పక్షమున పాల్గొనవచ్చును గాని, న్యాయవాది అయినంత మాత్రమున పేటెంటు ఏజెంటు కాడు.

ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న

ఏజెంటు కావలెనా అను ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న కలదు: నా కల్పన పేటెంటుకు తగినదేనా? దీనికి సమాధానము “కాదు” అయినచో మొదటి ప్రశ్నయే ఉండదు.

వ్యవసాయ పద్ధతికి మన చట్టము పేటెంటు ఇవ్వదు. వరిని క్రొత్త తీరున నాటు పద్ధతి ఎంత లాభకరమైనను అది పేటెంటు పరిధిలోనికి రాదు; ఆ నాటు పనికై నిర్మించిన క్రొత్త యంత్రము మాత్రము రావచ్చును. విత్తనములు, మొక్కలు, పశువులు పేటెంటుకు తగవు. క్రొత్త వంగడమును రూపొందించిన రైతునకు 2001వ సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము వేరుగా కలదు. తాతముత్తాతల నాటినుండి వచ్చుచున్న వైద్యమునకు, సంప్రదాయ జ్ఞానమునకు పేటెంటు లేదు. తెలిసిన పదార్థములను ఊరక కలిపినంత మాత్రమునను, తెలిసిన పరికరములను ప్రక్కప్రక్కన అమర్చినంత మాత్రమునను పేటెంటు రాదు. వస్తువు యొక్క ఆకారమునందు మాత్రమే క్రొత్తదనమున్నచో 2000వ సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద నమోదు చేసికొనుట తగును.

తక్కిన వానిలో కూడ కల్పన లోకమునకు క్రొత్తదై యుండవలెను. మన మండలములో ఎవరును చూడలేదనుట చాలదు. అంతేగాక, ఆ పనిలో ఆరితేరిన వానికి వెంటనే స్ఫురించునది కాక యుండవలెను. ఇందుకు సంబంధించి సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఒకటి గమనింపదగినది. మీర్జాపురములోని ఒక పాత్రల కర్మాగారము వారు, పాత్రలను లేతు యంత్రముపై బిగించి పట్టు సాధనమునకు 1951వ సంవత్సరపు తేదీతో పేటెంటు పొందిరి. ఇతరులు దానిని కాపీ చేసిరని వ్యాజ్యము నడచినది. తుదకు, అది పనివాని నేర్పుతో కర్మశాలలో సహజముగా జరుగు మెరుగే గాని నూతన కల్పన కాదని సుప్రీంకోర్టు నిర్ణయించి, పేటెంటును రద్దు చేసినది. 27 సంవత్సరములు గడచిన తరువాత ఆ కాగితమునకు విలువ లేకపోయెను.

కావున మొదట వెదకి చూడవలెను. ఈ వెదకు పనిని ఎవరికి వారే ప్రారంభింపవచ్చును. ప్రచురితమైన దరఖాస్తులను, మంజూరైన పేటెంట్లను పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో రుసుము లేకుండ చూడవచ్చును. ఇంగ్లీషు చదువు తక్కువైనచో ఊరిలోని ఇంజనీరింగు విద్యార్థి సహాయము తీసికొనవచ్చును. కాని తన కల్పన యొక్క రహస్యమును అతనికి పూర్తిగా చెప్పక, ఏ రకపు యంత్రములను వెదకవలెనో మాత్రమే చెప్పవలెను. మీ కల్పన వంటిదే అక్కడ కనబడినచో, సొమ్ము మిగిలినదని సంతోషింపుడు. మంచి ఏజెంటు చేయు మొదటి మేలు కూడ ఇదియే: తగని కల్పనను తగదని ముందే చెప్పుట.

హక్కు ఉండునది యంత్రమునందు కాదు, మాటలయందు

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. పేటెంటు హక్కు మనము నిర్మించిన యంత్రమును చూచి నిర్ణయింపబడదు. వివరణ పత్రము చివర, ఇంతవరకు నాది అని హద్దులు చెప్పు వాక్యములుండును. వానిని క్లెయిములందురు. పొలమునకు గట్టులెట్లో పేటెంటునకు క్లెయిములట్లు. గట్టు లోపలికి వేసికొన్నచో మన భూమి మనకు పోవును. బయటకు వేసినచో పొరుగువాడు ఊరకుండడు.

ఒక ఉదాహరణ చూతము. ఇది బోధకొరకు కల్పించినదే. ఒక కమ్మరి, జడ్డిగమునకు మారుగా విత్తనపు పెట్టె అమర్చిన గొర్రును చూచెను. చేని చివర ఎడ్లను త్రిప్పుటకు గొర్రును పైకెత్తినపుడు గింజలు వృథాగా రాలుచున్నవి. గొర్రు పైకి లేచుటతోనే తనంతట తాను మూసికొను మూతను అతడు అమర్చెను. ఇట్టిది మునుపు లేదనియు, ఎవరికిని స్ఫురింపలేదనియు అనుకొందము.

అతడు తానే క్లెయిము వ్రాయుచు, “పెట్టెకు ఎడమవైపున రెండంగుళముల ఇనుప మీటతో బిగించిన రేకు మూత” అని వ్రాసెను. అతని యంత్రము అచ్చముగా అట్లే యున్నది. ఒక్క అబద్ధము లేదు. కాని పట్టణములోని తయారీదారుడు కుడివైపున, కొయ్య మీటతో, తోలు మూత అమర్చి అమ్మసాగెను. ఆ క్లెయిము ప్రకారము అతనిని ఆపుట మిక్కిలి కష్టము.

మరియొకసారి అతడు, “విత్తనము రాలకుండ ఆపు ఏ సాధనమైనను నాదే” అని వ్రాసెననుకొందము. అట్టి సాధనములు లోకమున ఎన్నో యుండుటచే పరీక్షాధికారి దానిని త్రోసివేయును.

నేర్పరియైనవాడు, “గొర్రు నేలనుండి పైకెత్తబడినపుడు ఆ కదలిక వలననే విత్తన మార్గమును మూయునట్లు గొర్రునకు అనుసంధింపబడిన మూత” అని మొదటి క్లెయిము వ్రాయును. తరువాత మీట గలది, రేకు గలది, ఎడమ ప్రక్కనున్నది అని ఒకదాని క్రింద ఒకటి చిన్న క్లెయిములు వ్రాయును. మొదటిది నిలువకపోయినను రెండవదో మూడవదో నిలుచును. ఏజెంటునకు ఇచ్చు సొమ్ములో అధిక భాగము ఈ వాక్యములకొరకే.

ఈ పొరపాటును తరువాత సరిదిద్దుకొనవచ్చునని కొందరు తలంతురు. చట్టము దానికి అంత వీలు కల్పించలేదు. మొదట దాఖలు చేసిన వివరణలో లేని క్రొత్త విషయమును సవరణ పేరిట తరువాత చేర్చరాదు. ఉన్నదానిని స్పష్టపరచవచ్చును, తగ్గించుకొనవచ్చును, పెంచుకొనరాదు.

వివరణలో దాపరికము కూడ పనికిరాదు. తెలిసిన వానిలో ఉత్తమమైన పద్ధతిని, ఆ పని తెలిసినవాడు చదివి చేయగలిగినంత స్పష్టముగా చెప్పవలెను. ఇంగ్లండులో క్షురకవృత్తినుండి వచ్చి నూలు యంత్రములతో కోటీశ్వరుడైన రిచర్డ్ ఆర్క్‌రైట్ కథ ఇందుకు సాక్ష్యము. పత్తిని ఏకుట మొదలైన పనుల యంత్రములకు ఆయన 1775లో పొందిన పేటెంటు 1785లో రద్దయినది. వివరణ అస్పష్టముగా నుండుట అందుకు చూపబడిన కారణములలో ఒకటి.

గడువులు, రుసుములు

తన పని తానే చేసికొనువాడు నాలుగు గడువులను గోడపై వ్రాసికొనవలెను.

మొదటిది: తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసినచో 12 నెలలలో సంపూర్ణ వివరణ దాఖలు చేయవలెను. లేనిచో దరఖాస్తు వదలుకొన్నట్లే.

రెండవది: దరఖాస్తు దానంతట అది పరీక్షకు పోదు. 18వ ఫారముపై వేరుగా కోరవలెను. 2024 మార్చి 15వ తేదీనుండి అమలైన నిబంధనల ప్రకారము, అటుపిమ్మట దాఖలైన దరఖాస్తులకు ఈ గడువు మొదటి తేదీనుండి 31 నెలలు.

మూడవది: పరీక్షాధికారి అభ్యంతరములతో నివేదిక పంపిన పిదప ఆరు నెలలలో వానిని పరిష్కరింపవలెను. రుసుము చెల్లించి మూడు నెలల పొడిగింపు కోరవచ్చును.

నాలుగవది: పేటెంటు మంజూరైన తరువాత మూడవ సంవత్సరము మొదలుకొని ఏటేటి రుసుము.

ప్రభుత్వ రుసుములు సామాన్యునికి భారమైనవి కావు. వ్యక్తులు కంప్యూటరు ద్వారా దాఖలు చేసినచో దరఖాస్తునకు 1,600 రూపాయలు, పరీక్షకు 4,000 రూపాయలు. 30 పుటలకు, 10 క్లెయిములకు మించినచో అదనపు రుసుము కలదు. ఏటేటి రుసుము మూడవ సంవత్సరమునుండి ఆరవదాక సంవత్సరమునకు 800 రూపాయలతో మొదలై, చివరి ఐదు సంవత్సరములలో సంవత్సరమునకు 8,000 రూపాయలగును. రుసుములు మారుచుండునవి గనుక చెల్లించు ముందు ఆఫీసువారి పట్టికను చూడవలెను. ఏజెంటు పారితోషికము వీనికి వేరుగా నుండును. దానికి ప్రభుత్వము ధర నిర్ణయింపలేదు. అది మాటలాడుకొనవలసినది.

ఎవరికి అవసరము, ఎవరికి అక్కరలేదు?

తాను చెప్పదలచిన దానిని ఇంగ్లీషులోగాని, హిందీలోగాని స్పష్టముగా వ్రాయగలిగి, పది పాత పేటెంట్లను చదివి అర్థము చేసికొనగలిగి, గడువులను తప్పక పాటింపగలవాడు, సులభమైన యంత్రమునకు స్వయముగా దరఖాస్తు చేయుటకు సాహసింపవచ్చును. పోటీ తక్కువగా నుండి, పేటెంటును గుర్తింపు కొరకే కోరువానికి అధిక వ్యయము తగదు.

దీనికి భిన్నముగా, పెద్ద తయారీదారులు కాపీ చేయుదురను భయమున్నచోటను, కంపెనీకి లైసెన్సు ఇచ్చు ఆలోచన ఉన్నచోటను, రసాయనములు, విద్యుత్ పరికరములు మొదలగు చిక్కైన విషయములందును ఏజెంటును నియమించుకొనుటయే మేలు. విదేశములలో కూడ హక్కు కోరువారికి ఇది తప్పనిసరి వంటిది. ఏలయన భారత పేటెంటు భారతదేశములోనే చెల్లును, ఇతర దేశములలో 12 నెలల గడువు లోపల వేరుగా ప్రయత్నింపవలెను.

ఈ రెండింటికి నడుమ ఒక మార్గము కలదు. తాత్కాలిక వివరణను తానే వ్రాసి దాఖలు చేసి తేదీని సంపాదించుకొనవచ్చును. ఆ 12 నెలలలో యంత్రమును పరీక్షించి, కొనువారున్నారో లేదో విచారించి, లాభమున్నదని తోచినచో సంపూర్ణ వివరణను ఏజెంటుచే వ్రాయించవచ్చును. కాని ఒక హెచ్చరిక: తాత్కాలికమనగా అరకొర అని అర్థము కాదు. అందులో చెప్పని విషయమునకు ఆ తేదీ వర్తింపదు. కావున ప్రతి భాగమును, ప్రతి మార్పును, పటములతో సహా అందులోనే చెప్పవలెను. సొమ్ము కొంచెమే యున్నచో, తాను వ్రాసిన పత్రమును ఏజెంటుచే ఒకసారి చదివించి, క్లెయిములను మాత్రము అతనిచే వ్రాయించుట కూడ మంచి పద్ధతి.

ఏ మార్గమున పోయినను ఒక నియమము అందరికి సమానము: దరఖాస్తు ముందు, ప్రదర్శన తరువాత. దరఖాస్తు చేయకముందే తిరునాళ్లలోను, కళాశాల ప్రదర్శనలలోను చూపుట, పత్రికల వారికి పటములిచ్చుట, సంతలో అమ్ముట హక్కును చెరచును. ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన ప్రదర్శనలకును, తప్పనిసరియైన బహిరంగ పరీక్షలకును చట్టము కొంత మినహాయింపు ఇచ్చినను, దానిని నమ్ముకొని కూర్చుండరాదు. పోయిన క్రొత్తదనమును ఎంతటి ఏజెంటును తిరిగి తేలేడు.

ఏజెంటును ఎన్నుకొనునపుడు

అతని పేరు, నమోదు సంఖ్య పేటెంటు ఆఫీసువారి రిజిస్టరులో ఉన్నవేమో చూడుడు. మీ కల్పన ఏ శాస్త్రమునకు చెందినదో ఆ శాస్త్రము చదివినవానిని వెదకుడు. యంత్రమునకు మందుల శాస్త్రజ్ఞుడు తగడు. వెదకుటకు ఎంత, వ్రాయుటకు ఎంత, అభ్యంతరములకు సమాధానమిచ్చుటకు ఎంత, విచారణకు ఎంత అని వేరువేరుగా వ్రాతమూలకముగా తీసికొనుడు. విషయమును రహస్యముగా నుంచెదనని కూడ వ్రాయించుకొనుడు. పేటెంటు తప్పక వచ్చునని హామీ ఇచ్చువానిని నమ్మకుడు. ఆ నిర్ణయము కంట్రోలరుది, ఏజెంటుది కాదు.

1వ ఫారములో కల్పన చేసినవాని పేరు చూచుకొనకుండ సంతకము చేయకుడు. 26వ ఫారము ఏజెంటునకు మీ పక్షమున పనిచేయు అధికారమును మాత్రమే ఇచ్చును, హక్కును ఇవ్వదు. హక్కును ఇతరులకు బదలాయించు పత్రము వేరు. చదువని కాగితముపై వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్నవారిని మనమెరుగుదుము. కల్పనకు కూడ ఆ జాగ్రత్తయే కావలెను.

సొమ్ము లేనివారు నిరాశ చెందనక్కరలేదు. పెద్ద చదువులు లేకయే నూతన కల్పనలు చేసిన రైతులకు, చేతివృత్తులవారికి తోడ్పడుటకై 2000వ సంవత్సరమున నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ అను సంస్థ ఏర్పడినది. అది గుజరాతులోని గాంధీనగర్ వద్ద, కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యమున పనిచేయుచున్నది. తగిన కల్పనలకు పేటెంటు దరఖాస్తు విషయమున తోడ్పడుట దాని కార్యములలో ఒకటి. తెలుగు నాట హైదరాబాదులోని పల్లెసృజన సంస్థ ఇట్టి గ్రామీణ కల్పనలను వెదకి వెలికి తెచ్చుచున్నది.

నేడే చేయదగిన పని

మీ కల్పనను తెలుగులోనే నాలుగు పుటలు వ్రాయుడు. పాత పనిముట్టులో ఉన్న లోపమేమి? మీరు చేసిన మార్పేమి? అది ఎట్లు పనిచేయును? మీ యంత్రమును కాపీ చేయదలచినవాడు ఏ భాగమును మార్చి తప్పించుకొనగలడు? ఈ నాలుగవ ప్రశ్నకు మీరే సంతృప్తికరముగా సమాధానము వ్రాయగలిగినచో, ఏజెంటు సహాయము మీకు కొంచెమే చాలును. వ్రాయలేకపోయినచో, సొమ్మును ఎక్కడ ఖర్చుచేయవలెనో ఆ ప్రశ్నయే మీకు చూపును. ఏజెంటును నియమించుకొన్నను ఆ నాలుగు పుటలు వృథా కావు. ఏలయన మీ యంత్రము మీకు తెలిసినంతగా మరెవరికిని తెలియదు.